బడి నాటకంలో ఎవరి వేషం ఎవరిది?

పాఠాన్ని నాటకంగా ఆడిస్తే పిల్లలకు బాగా ఎక్కుతుందనే మాట ఇవాళ అందరి నోటా వినిపిస్తోంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సంగీతం, నృత్యం, చిత్రకళలతో పాటు నాటకాన్నీ బడి చదువులో భాగం చేయాలంది. ఏ సబ్జెక్టునైనా కళలతో కలిపి చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం అంది. ఈ పద్ధతితో మాకు పేచీ లేదు. బట్టీ చదువు మన పిల్లల్ని బడి నుంచి ఎట్లా తరిమిందో మనకు తెలియంది కాదు. మా పేచీ అంతా వేషాలు పంచే దగ్గరే. పంచేదెవరు? ఏ పిల్లకు ఏ వేషం? ఈ ప్రశ్న వేయకుండా బడి నాటకం గురించి మాట్లాడటమంటే కులం లేని బడి ఒకటి ఉందని నమ్మటమే.

ఇంగ్లండులో డొరొతీ హీత్‌కోట్ ఒక పద్ధతిని రూపొందించింది. అందులో పిల్లలు ఏదో ఒక పనిలో నిపుణుల పాత్ర తీసుకుంటారు. ఆ పని చేసే క్రమంలోనే లెక్కలు, సైన్సు, చరిత్ర నేర్చుకుంటారు. మంచిదే. దాన్ని మన ఊరి బడికి తెచ్చి, తోలు పని మీద పాఠం ఆడిద్దాం. పచ్చితోలును సున్నంలో నానబెడితే వెంట్రుక ఊడుతుంది. లందలో వేసిన తంగేడు చెక్కలోని టానిన్, తోలులోని ప్రొటీనును పట్టుకుని కుళ్లకుండా ఆపుతుంది. ఇది అచ్చమైన రసాయనశాస్త్రం. డప్పును మంట దగ్గర కాస్తే తేమ పోయి తోలు బిగుస్తుంది, శ్రుతి పెరుగుతుంది. ఇది భౌతికశాస్త్రం. ఈ శాస్త్రాన్ని తరతరాలుగా చేతుల్లో నిలబెట్టింది మాదిగలు.

సరే, ఆ వేషం మాదిగ పిల్లాడికే ఇస్తే? వాడు నిపుణుడయినట్టా, లేక క్లాసు ముందు వాడి కులాన్ని మరోసారి చాటినట్టా? గంట కొట్టగానే మిగతా పిల్లలు వేషం తీసేసి ఇంటికి పోతారు. వీణ్ణి ఆ వేషం బడి బయట కూడా వదలదు. ఊరూ వాడా వేరుగా ఉన్న చోట హీత్‌కోట్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే వచ్చే చిక్కు ఇదే.

ఈ చిక్కును విప్పే దారి మన ఆటలోనే ఉంది. మాదిగల ఆశ్రిత కులమైన చిందువాళ్లు భాగవతం ఆడతారు. అంటరానివాళ్లని ఊరు తోసేసినవాళ్లే అక్కడ రాజులు, దేవుళ్లు. 2005లో కన్నుమూసిన నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగ వేషాలు కట్టి జనాన్ని మెప్పించింది. జాంబపురాణంలో జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగి, పుట్టుకలో ముందెవరని నిలదీస్తాడు. పుట్టుకకూ వేషానికీ ఉన్న ముడిని చిందువాళ్లు ఎప్పుడో తెంచారు. ప్రశ్న, జవాబు, ఆ జవాబు మీద మళ్లీ ప్రశ్న అనే బోధన కూడా వాళ్ల ఆటలో ఉంది. కానీ ఈ కళలు బడికి ఎప్పుడు గుర్తొస్తాయి? పెద్దమనుషులకు స్వాగతం పలకటానికి డప్పు కావాలి, ఫిజిక్సు పాఠానికి మాత్రం అక్కర్లేదు!

సాంఘికశాస్త్రం సంగతి చూద్దాం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట జనం కదిలివెళ్లి మహద్‌లోని చౌదార్ చెరువు నీళ్లు తాగారు, దెబ్బలూ తిన్నారు. సవర్ణులు కోర్టుకెక్కారు. 1937లో బొంబాయి హైకోర్టులో ఓడారు. తీర్మానం నుంచి గుక్కెడు నీళ్ల దాకా నాలుగేళ్లు, నీళ్ల నుంచి తీర్పు దాకా పదేళ్లు. చట్టం ఎట్లా నడుస్తుందో, ఎందుకు నడవదో చెప్పటానికి ఇంతకన్నా మంచి నాటకం ఉందా?

ఆడించండి. కానీ దెబ్బలు తినే వేషం దళిత పిల్లలకూ, జడ్జి వేషం దొర బిడ్డకూ ఇచ్చి ఆడించొద్దు. దళిత పిల్ల జడ్జి కావాలి, కెమిస్టు కావాలి. లంద దగ్గర నిలబడి తంగేడు చెక్క పనితనం చెప్పాల్సింది పెద్దకులపు పిల్లాడు. మర్నాడు వేషాలు మార్చాలి. అంతటితో ఆగకూడదు. లంద గురించీ డప్పు గురించీ సైన్సు పరీక్షలో ప్రశ్న రావాలి, దానికి మార్కులుండాలి. మార్కుల్లేని చోట మన కళను ఎంత పొగిడినా అది వార్షికోత్సవపు ముచ్చటగానే మిగులుతుంది. నాటకం పట్టుకుని క్లాసులోకి వెళ్లే టీచర్లను, కార్యకర్తలను మేం అడిగేది ఇదే: ముందు వేషాల జాబితా చూపించండి. పాఠం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.