బొద్దక్షరం చేసే పని

ఢిల్లీలో లక్ష్మీ నగర్ మెట్రో మెట్లు దిగి వికాస్ మార్గ్ మీదికి వస్తే కోచింగ్ బోర్డులు ఒకదాని భుజమెక్కి ఇంకొకటి నిలబడి ఉంటాయి. అన్నీ బోల్డే. అందుకే ఏదీ కంటికి ఆనదు. పక్క సందులో జెరాక్స్ కొట్టు దగ్గర సీఏ పిల్లల స్పైరల్ నోట్సు తిరగేయండి. సెక్షన్ నంబరు, నిర్వచనంలోని మొదటి మాట మాత్రం టైమ్స్ న్యూ రోమన్ బోల్డులో ఉంటాయి, మిగతాదంతా మామూలు అక్షరం. పరీక్ష ముందురాత్రి చూపు ఆ నల్లటి మాటల మీదుగా గెంతుకుంటూ పోతుంది.

ఈ పనికోసమే పుట్టిన టైపు క్లారెండన్. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ తరఫున రాబర్ట్ బెస్లీ దాన్ని రిజిస్టర్ చేయించాడు. అంతకుముందూ లావుపాటి అక్షరాలున్నాయి గానీ అవి పోస్టర్ల సరుకు. మామూలు అక్షరం పక్కన, అదే వరుసలో, నిఘంటువు తలమాటగా ఒదిగి కూర్చోగలగడం దీని ప్రత్యేకత. మూడేళ్ల రక్షణ గడువు తీరగానే అందరూ కాపీ కొట్టారు. ఇంగ్లీషు ప్రెస్సుల్లో బొద్దక్షరానికే క్లారెండన్ అన్న పేరు స్థిరపడింది.

బొద్దు చేయడమంటే గీతలన్నిటికీ సమానంగా సిరా పూయడం కాదు. నిలువు గీత బాగా లావెక్కుతుంది, సన్నగీత కొద్దిగానే. అప్పుడే అక్షరం కడుపులో తెలుపు మిగులుతుంది. కాళ్ల దగ్గర సెరిఫ్‌లనే చిన్న అడ్డగీతలు ఆ బరువును వరుస మీద నిలబెడతాయి. 1932 అక్టోబరు 3న లండన్ ‘ది టైమ్స్’ పత్రికలో మొదలైన టైమ్స్ టైపునే చూడండి. దాని బోల్డు మామూలు టైమ్స్‌కు లావైన రూపం కానే కాదు. ఒంపుల వాలు పోయి అక్షరం నిటారుగా నిలబడింది, పైసెరిఫ్‌లు అడ్డంగా చదునయ్యాయి. తోబుట్టువు అనడం కన్నా మేనత్త కొడుకు అనడమే నయం.

మన లిపికి సెరిఫ్ లేదు. తలకట్టు అలా కనిపిస్తుంది గానీ, సెరిఫ్ తీసేసినా ఇంగ్లీషు అక్షరం అదే అక్షరం. తలకట్టు తీసి గుడి పెడితే ‘క’ కాస్తా ‘కి’ అవుతుంది. బొద్దు చేసినప్పుడు మన కష్టమూ వేరే. ‘థ’ కడుపులో చుక్క పూడిపోయిందా, అది ‘ధ’! ‘కథ’ను ‘కధ’ అని రాసేవాళ్లు అసలే తక్కువ లేరు.

సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగు ఫాంటు రామభద్రను శీర్షికల కోసం మొదటినుంచీ లావుగానే గీశారు. నోటో సెరిఫ్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు వరకు మెట్టుమెట్టుగా రూపాలున్నాయి. గురజాడలాంటి చాలా ఫాంట్లకు ఒకటే బరువు. వాటికి బోల్డు బటన్ నొక్కితే కంప్యూటరే అంచుల చుట్టూ నలుపు పులుముతుంది.

పోయిన ఉగాదికి ఇక్కడి కొట్టులో ఒక కరపత్రం వేయించాను. ఆపరేటరుకు తెలుగు రాదు. శ్రద్ధగా మొత్తం బోల్డు చేసి పెట్టాడు. ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ ఒత్తు నల్లటి ముద్దయింది. “భయ్యా, బోల్డు తీసేసి సైజు పెంచు” అన్నాను. పదహారు పాయింట్లు ఇరవై నాలుగయ్యాయి, కాగితం కాస్త పెద్దది పట్టింది, ఒత్తు బయటికొచ్చింది.