చేతులకు నేర్పాకే కొండకు

పెద్ద కొండలకు ఎలా సిద్ధమవుతావని అడిగేవాళ్లంతా కాళ్ల గురించీ ఊపిరి గురించీ అడుగుతారు. ఎంత దూరం పరుగెత్తాలి, ఎన్ని మెట్లెక్కాలి, ఎంత బరువు మోయాలి అని. అవన్నీ కావాల్సినవే. బరువు సంచీ వీపున వేసుకుని మెట్లెక్కకపోతే నాకు రోజు గడిచినట్టే ఉండదు. కానీ ఇన్నేళ్లుగా హిమాలయాలకు వెళ్లొస్తూ నేను తెలుసుకున్నది వేరు. అసలు సాధన చేతులది.

కారణం గాలిలో ఉంది. సముద్రతీరంలోనైనా శిఖరం మీదైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సగానికి పడిపోతుంది, 8,848.86 మీటర్ల ఎవరెస్ట్ కొన మీద దాదాపు మూడోవంతే మిగులుతుంది. ఒత్తిడి తగ్గితే ఊపిరికందే ఆక్సిజనూ తగ్గుతుంది. ఆ కరవు ఆలోచన మీద దెబ్బకొడుతుంది. చిన్న కూడిక తప్పుతుంది, ఇప్పుడే విన్నమాట గుర్తుండదు, ఇక చాలు ఇక్కడే కూర్చుందాం అనిపిస్తుంది. సరిగ్గా అలాంటి చోట, చీకట్లో, చలిలో, లావుపాటి తొడుగుల చేతులతో తాడు పని చేయాలి. అక్కడ బుర్రను నమ్ముకోలేం. ఏం చేయాలో చేతికి ముందే తెలిసి ఉండాలి.

అందుకే బయల్దేరడానికి చాలా ముందునుంచే రాత్రిపూట ఇంట్లో దీపాలార్పేసి, గ్లౌజులు వేసుకుని తాడు ముందు కూర్చుంటాను. అన్నిటికంటే ఎక్కువసార్లు చేసేది ఒకే ఒక్క పని. నిటారు మంచువాలు మీద ఎక్కే తాడును అక్కడక్కడా మంచులో దిగేసిన మేకులకు కట్టి ఉంచుతారు. మన నడుముకున్న హార్నెస్ నుంచి రెండు కొసలు ఆ తాడు మీదికి వెళ్తాయి. ఒకదానికి జూమర్, రెండోదానికి కారబినర్ అనే మూసుకునే కొక్కెం. జూమర్ పైకి జరుగుతుంది కానీ కిందికి జారదు, అదే మన బరువు మోస్తుంది. అయితే కట్టును అది దాటలేదు, తీసి అవతలి తాడుకు వేసుకోవాలి. కాబట్టి ముందు కారబినర్‌ను కట్టు దాటించి వేయాలి. అది మూసుకున్న చప్పుడు వినాలి. ఒకసారి లాగి చూడాలి. ఆ తర్వాతే జూమర్ మీద చెయ్యి వేయాలి. రెంటిలో ఒకటి ఎప్పుడూ తాడు మీద ఉండాల్సిందే. వరస తారుమారైతే మనిషిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. పోచంపల్లి మగ్గం మీద తెగిన పోగును నేతగాడి వేళ్లు చూడకుండానే వెతికి ముడేసినట్టు, ఈ వరస వేళ్లకు పట్టుబడాలి.

ఆ పోచంపల్లికి దగ్గర్లోనే భువనగిరి కోట బండ ఉంది. గురుకుల పాఠశాలల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది అక్కడే. ఆ తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆపైన లద్దాఖ్ చలికాలం. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. అందరికీ ఆ వయసే గుర్తుండిపోయింది. నేను మాత్రం పిల్లలకు ఆ దారి గురించే చెబుతాను. ముందు బండ, తర్వాత మంచు, తర్వాత చలి. ఎవరెస్ట్ వాటన్నిటి తర్వాత వచ్చింది.

సామాను సంగతికొస్తే, ప్రతి వస్తువునూ తొడుగుల చేతులతో ఇంట్లోనే తెరిచి చూడాలి. అందని జిప్పులకు దారం ముక్కలు కట్టుకోవాలి. నీళ్ల సీసాను సంచీలో తలకిందులుగా పెట్టాలి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర మంచు పట్టదు.

ఇంట్లో కూర్చుని ఎంత చేసినా రానిది ఒకటుంది, ఎత్తుకు అలవాటుపడటం. హైదరాబాద్ ఐదువందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. విమానం దిగేసరికి లేహ్‌లో 3,500 మీటర్లు. మొదటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకూడదు. ఉత్సాహం మీదున్న కుర్రాళ్లను గదిలో కూర్చోబెట్టడం అన్నిటికంటే కష్టం. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. పగలు పైదాకా ఎక్కినా, రాత్రికి దిగొచ్చి పడుకోవాలి. ఊపిరి వేగం గంటల్లోనే పెరుగుతుంది కానీ, రక్తంలో ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఆ పనిని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు.

మార్ఖా లోయ గుండా కాంగ్ యాత్సే-2 శిఖరం వైపు నడిచేటప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసే మాట, "ఏం లేదన్నా, బాగానే ఉన్నా" అన్నది. జట్టులోని కుర్రాళ్లు తిండి వదిలేసి, కళ్లు తిప్పుకుని, ఆ మాట అంటారు. తమవల్ల జట్టు ఆగిపోతుందేమోనని వాళ్ల బెంగ. మంచు పగులు కంటికి కనిపించవచ్చు, దాచుకున్న తలనొప్పి కనిపించదు. అప్పుడు నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించి నడవమంటాను. తూలితే మెదడు వాస్తోందని అనుమానించాల్సిందే. ఇక వాదన లేదు. అర్ధరాత్రయినా తోడు మనిషినిచ్చి కిందికి దించాలి. వెంట ఉన్న మందులు కొంత సాయపడతాయి, దిగడానికి మాత్రం అవి బదులు కావు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు కొండల మీద మోజు పెరుగుతోంది. నాకు చాలా సంతోషం. కాకపోతే డబ్బు కట్టి నేరుగా 6,000 మీటర్ల శిఖరానికి బయల్దేరే తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒకటి వేడుకుంటున్నాను. ముందు డార్జిలింగ్‌లోనో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో బేసిక్ కోర్సు చేయండి. దాదాపు నెల రోజులే. అమ్మానాన్నలూ, ఆ నెలను వృథా అనుకోకండి, పంపండి. కొండ మీద తలనొప్పి వస్తే, ఆ రాత్రే మీ జట్టు నాయకుడికి చెప్పండి.