చదరంగపు పద్యం, దాగిన అంకెలు: పాఠపరిష్కరణలో ఒక పరీక్ష

మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన వేంగీ చాళుక్యుల కాలపు కవి. ఆయన పేర ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి, చదరంగపు 64 గళ్లలో ఒకటితో మొదలై రెట్టింపయ్యే సంఖ్యల మొత్తాన్ని చెబుతుంది: 18446744073709551615. దీనిని పూర్వుల గణిత ప్రతిభకు నిదర్శనంగా కొనియాడడం పరిపాటి. పాఠనిర్ణయానికి ఇది ఇచ్చే ఆధారాన్ని గుర్తించడం అంతకన్న అవసరం.

భూతసంఖ్యా పద్ధతిలో అంకెలు ఒకట్ల స్థానం నుండి ఎడమకు నడుస్తాయి. కనుక పద్యం మొట్టమొదట పలికేది చివరి 5నే. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తీరు ఇందుకు విపర్యయం. టీఐ-84 ప్లస్ పై స్థానాల నుండి 14 అంకెలు నిలుపుకొని, తెరపై 10 మాత్రమే చూపుతుంది. దాగిన నాలుగింటిని లెక్కించినా, చివరి ఆరు స్థానాలు సవరణలో పోతాయి. 64 గళ్ల మొత్తానికీ, దానికన్న ఒకటి ఎక్కువైన 65వ గడి సంఖ్యకూ అందులో భేదం ఉండదు.

పరిష్కర్తకు ఇది చిన్న విషయం కాదు. పద్యారంభంలోని 'శర'ను యతిప్రాసలు కాపాడుతున్నాయి. తరువాతి 'శశి'కి బదులు లేఖకుడు 'గిరి' అని వ్రాస్తే గణం చెడదు, యతిప్రాసలు చెడవు. పదుల స్థానంలో 1 మాత్రం 7 అవుతుంది. ఛందస్సుకు చిక్కని ఆ దోషం కాలిక్యులేటర్‌కూ చిక్కదు. ఒకటిని కాగితంపై 64 మార్లు రెట్టించి, ఒకటి తీసివేస్తేనే బయటపడుతుంది.

అయితే 'శశి' స్థానంలో 'విధు' వస్తే సంఖ్య మారదు. గణితం అంకెనే నిర్ణయించగలదు. పదాన్ని నిర్ణయించవలసినవి తాళపత్ర ప్రతులే.