ఓప్రా విన్‌ఫ్రే చెప్పు దేవుడు



గత క్రిస్మసు దినములలో మా పాస్టరేటులోని ఒక పల్లెకు ఇండ్ల దర్శనమునకై వెళ్లియుంటిని. ఒక తల్లి తన చేతిఫోను నాకిచ్చి, "అయ్యగారూ, మా అమ్మాయి అమెరికా నుంచి పంపింది. ఎవరో ఒకావిడ దేవుడి గురించి మాట్లాడుతోందంట. మంచిదేనా, కాస్త చూసి చెప్పండి" అనెను. చూచితిని. పెద్ద చెట్ల నీడలో రెండు కుర్చీలు. ఒకదానిలో నల్లజాతి స్త్రీ, ఎదుట ఎవరో గ్రంథకర్త. ఆ స్త్రీ ఓప్రా విన్‌ఫ్రే. మాట మృదువు, ముఖము ప్రసన్నము. ఆత్మ, శాంతి, కృతజ్ఞత అను మాటలు పలుమారులు వచ్చినవి. నేను చూచినంత సేపు క్రీస్తు నామము మాత్రము వినబడలేదు. నేను ఇంకను నాలుగిండ్లు తిరుగవలసియుండెను గనుక, "మనకెందుకమ్మా అవన్నీ" అని ఫోను తిరిగి ఇచ్చివేసితిని.

అది జవాబు కాదు. ఆ తల్లికి ఇయ్యవలసిన జవాబును ఇప్పుడు వ్రాయుచున్నాను.

ఈ ఓప్రా 1954 జనవరి 29వ తేదీన అమెరికా దక్షిణ భాగమందలి మిసిసిపీ రాష్ట్రములో, కోసియస్కో అను చిన్న ఊరిలో, పెండ్లికాని తల్లికి పుట్టెను. ఆరేండ్లు వచ్చువరకు అమ్మమ్మ ఇంట పెరిగెను. పేద ఇల్లు. అమ్మమ్మ అక్షరములు నేర్పి, ఆలయమునకు తీసికొనిపోయి, సంఘము ఎదుట నిలువబెట్టి వాక్యభాగములు కంఠతా చెప్పించెడిది. మన సండేస్కూలు వార్షికోత్సవమున జడలో పూలు పెట్టుకొని నిలుచు చిన్నపిల్లను తలంచుకొనుడి, ఆమెయు అట్టిదే. పెద్దలు పెట్టిన పేరు రూతు గ్రంథములోని ఓర్పా. జనుల నోట తిరుగక ఓప్రా అయినది. ఇది పట్టుకొని, "పేరునకు తగినట్లే వెనుకకు తిరిగిపోయినది" అని ప్రసంగములలో చెప్పువారున్నారు. అది చౌకబారు మాట. పేరు పెట్టినది పెద్దలు, బిడ్డ కాదు. పైగా నయోమి ఆ కోడండ్రనిద్దరిని దీవించెనే గాని, తిరిగిపోయిన దానిని శపించినట్లు గ్రంథములో లేదు.

చికాగో నగరమునుండి ఆమె పేరిట నడచిన టెలివిజను సంభాషణ 1986 సెప్టెంబరు 8న అమెరికా అంతట ప్రసారము కాసాగి, 2011 మే 25న ముగిసినది. ఇరువదియైదేండ్లలో 4,500లకు పైగా భాగములు. సినిమావారు వచ్చిరి, దేశాధ్యక్షులు వచ్చిరి. అయితే ఆమె బలము వారు కాదు. మైకు చేతబట్టి జనుల మధ్యకు నడచి వచ్చి, ఒక సామాన్య స్త్రీ నోట ఎన్నడును రాని మాటను రప్పించుట, అది ఆమె బలము. తొమ్మిదేండ్ల వయసు మొదలుకొని బంధువుల చేతను, ఇంటికి వచ్చిపోవు వారి చేతను తాను పొందిన చెరుపును 1986లోనే ఆమె లోకము ఎదుట చెప్పెను. పిల్లలపై నేరము చేసిన వారి వివరములు దేశమంతటికి ఒక్కచోట నమోదు కావలెనని 1991లో అమెరికా సెనేటు కమిటీ ఎదుట సాక్ష్యమిచ్చెను; 1993లో ఆ చట్టము వచ్చెను. ఇది మంచి పనియే. ఎవరు చేసినను మంచిని మంచి అనవలెను. ఆమెను క్రీస్తువిరోధి అనుచు ఫోనులలో త్రిప్పుచున్న వార్తలను దయచేసి మీరు ఇంకొకరికి పంపకుడి.

అయితే ఆమె బోధను బోధగానే తూచవలెను.

2007 ఫిబ్రవరిలో 'ది సీక్రెట్' అను పుస్తకమును ఆమె తన వేదికమీద మిక్కిలి మెచ్చుకొనెను. తలంపే అయస్కాంతము, నీవేది బలముగా తలంతువో అదే నీ యొద్దకు వచ్చును అనునదే దాని సారము. మన పల్లెలవారికి ఇందులో చిక్కు సులభముగా తెలియును. వాన తప్పిన యేట మిరప ఎండిపోయినచో, రైతు తలంపు చెడ్డదా? బిడ్డ చనిపోయినచో తల్లి తలంపు చెడ్డదా? యోబు స్నేహితులు బూడిదలో కూర్చున్న మనిషికి చెప్పినది ఇంచుమించు ఈ మాటయే. ఆ కార్యక్రమము చూచిన ఒక స్త్రీ, తనకు రొమ్ము క్యాన్సరు వచ్చినదనియు, శస్త్రచికిత్స వద్దని తలంపుతోనే బాగుపడుదుననియు ఆమెకు వ్రాసెను. ఓప్రా ఆ స్త్రీని పిలిపించి, వైద్యుల మాట త్రోసివేయవద్దని అందరి ఎదుట చెప్పెను. ఇది ఆమె పక్షమున చెప్పవలసిన సంగతి. కాని ఆ స్త్రీ మనసు మారలేదు, 2010లో మరణించెను. వేదికమీద నుండి విసరిన మాట వెనుకకు పిలిచినప్పుడెల్ల తిరిగిరాదు. స్వస్థత కూటములలో మాత్రలు పారవేయించు మన ప్రసంగీకులు ఈ పేరా రెండుసార్లు చదువుకొందురు గాక.

ఇక అసలు సంగతి. 2008 మార్చి మొదలుకొని పది సోమవారములు ఆమె, ఎకార్ట్ టోలె అను రచయితతో కలిసి, అతని పుస్తకముమీద ఇంటర్నెట్టు ద్వారా తరగతులు నడిపెను. లోకమంతట లక్షలమంది చూచిరి. మీ క్రైస్తవ పెంపకమునకును ఈ బోధకును పొత్తు ఎట్లు కుదిరినదని ఒకరు అడిగిరి. అప్పుడామె చెప్పిన సంగతి ఇది. ఇరువదియేడు, ఇరువదియెనిమిదేండ్ల వయసున ఒక దినమామె ఆలయములో కూర్చుండియుండెను. బోధకుడు దేవుని మహిమలను ఒక్కొక్కటే వర్ణించుచు, ఆయన 'జెలస్' దేవుడని కూడ అనెను. అంత గొప్పవానికి నా మీద జెలసీ ఏమిటి అని ఆమె మనసు అక్కడ ఆగిపోయెను. అది మొదలు, నమ్మవలసిన దేవుని విడిచి, లోపల అనుభవించు దేవుని వెదకసాగెను.

చదువరీ, ఇచ్చట కొంచెము నిలువుము. పొరుగువాని చేను పండినదని కుళ్లుకొనువానికిని, తనవారి కొరకు నిప్పువలె లేచువానికిని ఇంగ్లీషులో ఆ ఒక్క మాటయే చెల్లును. మన తెలుగు బైబిలును తర్జుమా చేసిన పెద్దలు ఆ చోట 'అసూయ' అని వ్రాయలేదు. 'రోషము' అని వ్రాసిరి. వారికి మనము ఎంత ఋణపడియున్నామో ఈ ఒక్క మాటలో తెలియును. అసూయ లేనివానిని ఎవరును నిందింపరు, మెచ్చుకొందురు. రోషము లేనివానినో? ఇంటి ఆడబిడ్డను నడిబజారున ఎవడో చెయ్యిపట్టి లాగుచుండగా చేతులు కట్టుకొని చూచువానిని చూచి, "వీడికి రోషం లేదురా" అని ఊరు ఉమ్మివేయును. అసూయ ఒకరిది తనకు లేదే అని ఏడ్చును. రోషము తనవారిని చెరుపనియ్యను అని అడ్డము నిలుచును.

ఓప్రాగారు విడిచిపెట్టినది దీనిని. ఆమె ఇప్పుడు చెప్పు దేవుడు నెమ్మది, వెలుగు, లోపలి నిశ్శబ్దము. ఆయన ఎవరిని గద్దింపడు, ఎవరిమీద కోపపడడు. సరే. తొమ్మిదేండ్ల పిల్లను ఆ ఇంటిలో పాడుచేయుచున్నప్పుడు ఆ నిశ్శబ్దము ఏమి చేసినది? ఆ పిల్ల పక్షమున మండని దేవుడు నాకు వద్దు. ఆమెకును అట్టి దేవుడు చాలడు. ఆమె అసూయ అనుకొని త్రోసివేసిన గుణమే, చిన్ననాడు ఆమెకు జరిగినదానికి లెక్క అడుగు గుణము. ఆ దినము బోధకుడు ఆ మాటను విప్పి చెప్పెనో లేదో. విప్పని మాటలు నా ప్రసంగములలోను ఎన్నో దొర్లిపోయినవి.

2011 అక్టోబరులో ఆమె ప్రారంభించిన క్రొత్త కార్యక్రమము పేరు 'సూపర్ సోల్ సండే'. ప్రసారము ఆదివారము ఉదయమున! ఆ వేళ చూచి నేను మొదట కోపపడితిని. పిమ్మట, ఆ వేళకు మన బల్లమీద కూర్చుండక అక్కడికి పోవువారు ఎందుకు పోవుచున్నారని నన్ను నేనే అడుగుకొంటిని.

ఆ జవాబు కొరకు ఈ లెంటు దినములలో ఆ తల్లి ఇంటికి మరల వెళ్లి, పైన వ్రాసినదంతయు ఆమెకు చెప్పితిని. శ్రద్ధగా విని, "అయ్యగారూ, మీరు చెప్పింది నిజమే. కాని మా అమ్మాయి ఆవిడ మాటలు ఎందుకు వింటుందో మీరు అడగలేదు" అనెను. అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను. పన్నెండేండ్ల క్రిందట ఆ పిల్ల పెండ్లయిన రెండవ యేట పుట్టింటికి వచ్చి, మరల పోనని కూర్చుండెను. సంఘపెద్దలతో నేనును వెళ్లితిని. ఆమె ఏదో చెప్పబోగా నేను బైబిలు తెరచితిని. చదివినది రూతు గ్రంథమే. అత్తను విడువని కోడలినిగూర్చి అరగంట బోధించి, ప్రార్థన చేసి, మరునాడు బండి ఎక్కించితిమి. ఆ ఇంటిలో ఇంక నాలుగేండ్లుండి, పిమ్మట బయటికి వచ్చి నర్సింగు చదివి విదేశమునకు పోయెను.

తల్లి ఫోను కలిపి, "అయ్యగారు వచ్చారే, మాట్లాడతారంట" అని నాకిచ్చెను. అక్కడ తెల్లవారుచున్నది కాబోలు, కాకులవంటి పక్షుల కూత వినబడుచుండెను. "అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పబోయింది నేను విననే లేదు. ఇప్పుడు చెబుతావా?" అంటిని. చాలసేపు మాట లేదు. పిమ్మట మొదలుపెట్టెను. ఆమె చెప్పుట ముగించునప్పటికి ఇచ్చట చీకటి పడెను. ఆ తల్లి దీపము వేయుట కూడ మరచి గడపమీద కూర్చుండియుండెను.