చందనం కింది మూర్తి: సింహాచల సాహిత్యంలో రూపం, సంబోధన

పరదైవం ఒక్కడే, రూపాలే అనేకం అన్న సూత్రం తెలుగు భక్తి సాహిత్య విమర్శలో తరచుగా చర్చకు ముగింపుగా వాడబడుతోంది. శతకాన్నో సంకీర్తననో పరిశీలించిన వ్యాసంలో ఈ మాట రాగానే విచారణ ఆగిపోతుంది. అనేక రూపాలలో ఏ రూపాన్ని, ఎవరు, ఏ అవసరంలో పిలిచారు? పిలవని రూపం ఏమైంది? ఈ ప్రశ్నలు సూత్రం చాటున మరుగున పడిపోతాయి. విశాఖపట్నంలోని సింహాచల క్షేత్రమూ, దానిని ఆశ్రయించిన తెలుగు రచనలూ ఈ సూత్రాన్ని పరీక్షకు పెట్టడానికి తగినవి.

ఇక్కడి మూలమూర్తి వరాహ నరసింహుడు. దశావతారాలలో మూడవదీ నాల్గవదీ ఒకే విగ్రహంలో కలిశాయి. వరాహ ముఖం, మానవ దేహం, సింహ వాలం గల త్రిభంగి మూర్తిగా ఆలయ సంప్రదాయం స్వామిని వర్ణిస్తుంది. ఆ వర్ణన కంటికి అందేది మాత్రం ఏడాదికి ఒక్కరోజే. వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే అక్షయ తృతీయనాడు, వెండి బొరుగులతో చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం కల్పిస్తారు. ఆ రాత్రే తొలి విడత చందన సమర్పణ జరుగుతుంది. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలకు మిగిలిన మూడు విడతలు. విడతకు మూడు మణుగుల చొప్పున మొత్తం పన్నెండు మణుగులు, సుమారు 500 కిలోలు. మిగిలిన దినాలలో భక్తుడు చూసేది వరాహమూ కాదు, సింహమూ కాదు; లింగాకృతిని తలపించే చందనపు ముద్ద.

‘నిజరూపం’ అన్న మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. ఒక్కరోజు కనిపించేది నిజమైతే తక్కిన రోజులలో కనిపించేది ఏమిటి? ఆలయంలో అమలులో ఉన్న పాంచరాత్రాగమం పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అనే ఐదు రూపాలను చెబుతుంది. అర్చామూర్తి అందులో దైవానికి సంకేతం కాదు, సాక్షాత్తు దైవమే. రెండు విభవాలు ఒక అర్చలో ఇమడడాన్ని ఈ సిద్ధాంతం సులువుగానే వివరించగలదు. చందనాకృతికి ఆ ఐదింటిలో విడిగా చోటు లేదు. స్థలపురాణం దానికి వేరే కారణం చెబుతుంది: పురూరవ చక్రవర్తికి స్వామి పుట్టలో దొరికాడు; తొలగించిన పుట్టమన్నుకు బదులుగా అంత చందనం పూయమని అశరీరవాణి పలికింది. జనవ్యవహారంలోని కారణం ఇంకొకటి, ఉగ్రమూర్తిని చల్లబరచడం. మొదటిది మూర్తిని తిరిగి నేలలోకి పంపే ఊహ. రెండవది కోపానికి చేసే ఉపచారం. రెండింటినీ ఒకటిగా చెప్పేయడం వ్యాసకర్తలకు అలవాటైంది.

శైవమూర్తిని రామానుజులు వైష్ణవమూర్తిగా మార్చారన్న ఐతిహ్యాన్ని కూడా శివకేశవాభేదానికి ఉదాహరణగా చూపుతుంటారు. కథను ఉన్నదున్నట్టు చదివితే అందులో ఉన్నది అభేదం కాదు, వివాదం. రూపం ఎవరిదన్న తగవు లేకపోతే అలాంటి కథ పుట్టే అవసరమే లేదు. కొండమీద త్రిపురాంతకస్వామి క్షేత్రపాలకుడుగా ఉండడం ఆ తగవుకు కుదిరిన ఒడంబడిక వంటిది. సమన్వయం అనదలిస్తే అనవచ్చు. అయితే అందులో ఎవరు ప్రధానుడో, ఎవరు కావలివాడో నిర్ణయమై ఉంది.

కాకతీయ ప్రతాపరుద్రుని కాలం నాటివాడుగా సాహిత్య చరిత్రకారులు భావించే కృష్ణమాచార్యుని సింహగిరి వచనాలలో ఈ తగవు ప్రసక్తి దాదాపు ఉండదు. వాటి సంబోధన నరహరికే. కానీ ఆ నరహరి గోళ్లు, కోరలు గల సింహం కాడు, చెవి ఒగ్గి వినేవాడు. దాస్యం, శరణాగతి, కులగర్వం పట్ల నిరసన అక్కడి విషయాలు. ఛందస్సు లేని ఆ మాటల నడకకు ఎదుట కూర్చుని వినే దైవం కావాలి. రూపవర్ణన పలచబడి పిలుపు బలపడడం వచన ప్రక్రియ స్వభావంలోనే ఉంది.

పద్దెనిమిదవ శతాబ్ది కవి గోగులపాటి కూర్మనాథుని సింహాద్రి నారసింహ శతకానికి కావలసింది పూర్తిగా వేరు. పరసైన్యం ఆలయాల మీదికి వచ్చిపడిన సందర్భంలో పుట్టిన సీసపద్య శతకం అది. దేవుడు కదలడం లేదని కవి నిలదీస్తాడు, ఎత్తిపొడుస్తాడు, పౌరుషాన్ని ప్రశ్నిస్తాడు. స్వామి ఉభయరూపుడైనా శతకం పేరులోనూ మకుటంలోనూ నిలిచినది నారసింహ నామమే. ఇది యాదృచ్ఛికం కాదు. భూమిని ఎత్తి నిలిపిన వరాహంతో కవికి ఆ క్షణాన పని లేదు; స్తంభం చీల్చుకొని వచ్చినవాడు కావాలి. ఏటా చందనంతో ఆలయం చల్లబరిచే కోపాన్ని శతకం మాటలతో రాజేస్తోంది. అర్చకుని ఉపచారమూ కవి వాక్కూ ఒకే మూర్తిపట్ల ఎదురెదురు దిశల్లో పనిచేశాయి. శతక విమర్శ దీనిని గుర్తించినట్టు కనబడదు.

గుర్తించకపోవడానికి ‘నిందాస్తుతి’ అన్న పేరు చాలావరకు కారణం. వ్యాజస్తుతిలో నింద పైపూత మాత్రమే, లోపల ఉన్నది పొగడ్త. కూర్మనాథుని నిందను ఆ కోవలో వేయడం పొరపాటు. పద్యం పలికే వేళకు కవికి ఫలితం తెలియదు. కొండ నుంచి తుమ్మెదలు దండుగా లేచి సైన్యాన్ని తరిమాయన్న ఐతిహ్యం తెలిసిన పాఠకుడు వెనక్కి వెళ్లి ఆ నిందను స్తుతిగా చదువుకుంటున్నాడు. ఐతిహ్యాన్ని పక్కన పెడితే ఆ పద్యాలలో వినిపించేది భయంతో కూడిన నిష్ఠూరం. ఇంకొక విశేషం కూడా ఆ ఐతిహ్యంలోనే ఉంది. కవి సింహాన్ని పిలిచాడు, వచ్చినవి తుమ్మెదలు. దైవం పిలిచిన రూపంలో రాలేదన్న సంగతిని జనశ్రుతి దాచలేదు. మృత్యుంజయ విలాసం రాసిన ఈ కవికి శివుడు పరాయివాడు కాడు. అయినా ఆపదలో ఏ పేరు పట్టుకోవాలో ఎంచుకున్నాడు. రూపాలన్నీ సమానమే అన్న సిద్ధాంతం ఈ ఎంపికను వివరించలేదు.

శతకం ఎంచిన పేరును ఉత్తరాంధ్ర జనం పెద్దగా పట్టుకోలేదు. వారికి స్వామి అప్పన్న. ఆ పేరులో సింహమూ లేదు, వరాహమూ లేదు. ఇంటి పెద్దను పిలిచినట్టుండే పిలుపు. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ అన్న పేర్లు పల్లెల నుంచి ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ పనికి వచ్చిన కుటుంబాలలో తరతరాలుగా ఉన్నాయి. ‘సింహాచలం’ ఆడవారికీ మగవారికీ పేరే. వైష్ణవ స్వామికి రైతులు కోడెదూడలను మొక్కుగా సమర్పించడంలో ఏ ఆగమ విరోధమూ వారికి తోచదు. శాసనాల్లోని దేవునితో, 1516లో శ్రీకృష్ణదేవరాయలు దర్శించి ఆభరణాలు సమర్పించిన దేవునితో ఈ అప్పన్నకు మూర్తి ఒకటే, బంధుత్వం వేరు. లిఖిత సాహిత్యాన్నే ఆధారం చేసుకున్న పరిశోధన ఈ పేరును ‘జానపద వ్యవహారం’ అని ఒక వాక్యంలో దాటవేస్తోంది. రూపాన్ని పూర్తిగా విడిచి సంబంధాన్నే నిలుపుకొన్న పిలుపు ఇది ఒక్కటే కాబట్టి వచనంతో, శతకంతో సమానంగా దీనికీ చర్చలో చోటు దక్కాలి.

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి గిరి ప్రదక్షిణ మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు. మరునాడు పూర్ణిమకు చివరి విడత చందనం. రాత్రంతా నడిచి లక్షల మంది కొండకు చేరేది నిజరూపం పూర్తిగా మరుగయ్యే వేళకే.