లేడి పెదవి దగ్గర

మా పెదనాన్నగారి ఇంట్లో హాలు గోడ మీద ఒక దుప్పి తల ఉండేది. ఎవరు కొట్టారో, ఏ అడవిలోదో పిల్లలకి ఎవరూ చెప్పలేదు. దాని కింది పెదవి ఎడమ పక్కన ఎండి ముడుచుకుపోయి, నల్లటి సందొకటి కనిపించేది. మేం దాన్ని "నవ్వే దుప్పి" అనేవాళ్ళం. నాయనమ్మ మాత్రం ఆ గోడకి ఎదురుగా కూర్చుని అన్నం తినేది కాదు. ఎందుకని అడిగితే, "దాని నోరు చూశావుట్రా?" అనేది. అంతకు మించి చెప్పేది కాదు.

టాక్సిడెర్మీ గురించి ఈమధ్య కొంత చదివాక నాయనమ్మ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఆ పని తెలిసినవాళ్ళు కూడా కళ్ళ తరవాత చూసేది నోటినేనట. చదువు లేని ఆవిడ సరైన చోటే వేలు పెట్టింది.

గ్రీకు మూలాల ప్రకారం టాక్సిడెర్మీ అంటే చర్మాన్ని అమర్చడం. మనం "గడ్డి కూరిన జింక" అంటాం. ఒకప్పుడు నిజంగా కూరేవాళ్ళు కూడా. ఇప్పటి పద్ధతిలో కూరడమంటూ ఏమీ లేదు. తల ఆకారంలో ముందే తయారైన ఫోమ్ బొమ్మ మీద, శుద్ధి చేసిన తోలుని జిగురుతో తొడుగుతారు. కొమ్ములు తప్ప లోపల జింకది దాదాపు ఏదీ మిగలదు. కళ్ళు గాజువి, కండరాలు మట్టివి, ముక్కు మీద తడి వార్నిషు. అసలైంది ఒక్క చర్మమే. ఆ చర్మం కూడా ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. ఎక్కడ పట్టు సడలితే అక్కడ లాగేసుకుంటుంది. ఆ సంగతి ముందు బయటపడేది పెదవుల దగ్గరే.

పెదవి అనుకున్నంత సులువైన భాగం కాదు. అందులో రెండు పొరలుంటాయి, బయట వెంట్రుకలున్న తోలు, లోపల చిగుళ్ళని అంటుకుని ఉండే మెత్తటి పొర. తల వొలిచేటప్పుడే ఆ లోపలి పొరని ఎముక దగ్గరగా కోసి, వీలైనంత తోలుతోనే ఉంచుకోవాలి. అక్కడ పిసినారితనం చూపిస్తే ఆఖర్న దోపడానికి ఏమీ మిగలదు. తరవాత రెండు పొరల్నీ సంచిలా విడదీసి, మధ్యలో ఉన్న మాంసాన్ని గీకి పల్చన చేస్తారు. బొమ్మ మూతి మీద నోటి గీత వెంబడి కత్తితో లోతుగా గాడి చెక్కుతారు. గాడిలో కొంచెం మట్టీ జిగురూ పెట్టి, మొండి పనిముట్టుతో ముందు కింది పెదవినీ ఆ తరవాత పై పెదవినీ లోపలికి నెడతారు. పై పెదవి కింది దాని మీదికి ఒక పిసరు వాలాలి. మరీ బిగిస్తే మూతి బిగపట్టిన మనిషిలా, వదులు చేస్తే పళ్ళికిలించినట్టూ కనిపిస్తుంది. గుండుసూదులు గుచ్చి ఎండనిస్తారు. మొదటి కొన్నాళ్ళు రోజూ వచ్చి చూసి, జారిన చోట మళ్ళీ లోపలికి నొక్కాలి. నాకు ఈ పనిలో నచ్చింది ఈ రోజూ వచ్చి చూడ్డమే. బొమ్మ పూర్తయిందని చేతులు కడుక్కున్నాక కూడా తోలు కదులుతూనే ఉంటుంది.

నోరు తప్పితే ఏమవుతుందో చూడాలంటే స్వీడన్‌లో గ్రిప్స్‌హోమ్ కోటలో ఉన్న సింహాన్ని చూడాలి. 1731లో అల్జీర్స్ పాలకుడు స్వీడన్ రాజుకి బతికున్న సింహాన్ని కానుకగా పంపాడు. అది చనిపోయాక దాని చర్మానికి ప్రాణం పోసే పని ఎప్పుడూ సింహాన్ని చూడని మనిషి చేతిలో పడిందంటారు. దగ్గర దగ్గరగా ఉన్న కళ్ళు, మనిషివిలాంటి పళ్ళ వరస, పక్కకి వేలాడే నాలుక. మృగరాజు కాస్తా గట్టి జోకు విన్నవాడిలా తయారయ్యాడు. ఇవాళ జనం దాన్ని చూసి పగలబడి నవ్వుతారు. మేం దుప్పిని చూసి నవ్వింది కూడా ఆ నవ్వే. తన ముఖం మీద చచ్చిన జంతువుకి హక్కు లేదు కాబట్టి ఆ నవ్వుకి అడ్డు లేదు.

కానీ నేర్పు తప్పినప్పుడే అబద్ధం పుడుతుందనుకుంటే పొరపాటు. నేర్పు ఉన్నచోట పుట్టే అబద్ధం ఇంకా గట్టిది. మైసూరులో వాన్ ఇంజెన్ కుటుంబం 1999 దాకా నడిపిన కార్ఖానాకి పులులూ చిరుతలూ పేరు తెచ్చాయి. మహారాజులూ తెల్లదొరలూ వేటాడిన జంతువులు అక్కడికి వచ్చేవి. అచ్చుల్లో పోసిన కాగితపు గుజ్జు తలల మీద వాళ్ళు తోలు తొడిగేవాళ్ళు. పనితనంలో వంక పెట్టలేం. అయితే గోడలకెక్కిన పులుల్లో ఎన్ని నోరు తెరుచుకుని ఉన్నాయో గమనించండి. మంచె మీద నుంచి గుండు తగిలి, ఏం జరిగిందో తెలిసేలోపే కూలిపోయిన పులి కూడా గోడెక్కగానే గర్జిస్తుంది. ఆ గర్జన పులిది కాదు, అచ్చుది. పులి మీదికి దూకబోతుంటే కొట్టానని వేటగాడు చెప్పుకునే కథకి అది సాక్ష్యం పలుకుతుంది.

జింకకి ఎదురు పద్ధతి. దాని నోరు ఎప్పుడూ మూసే ఉంటుంది. చెవులు నిక్కబొడుచుకుని, మెడ కొంచెం తిప్పి, ఎక్కడో ఆకు కదిలిన చప్పుడు విన్నట్టు ప్రశాంతంగా చూస్తుంటుంది. భయం లేదు, రొప్పు లేదు, పరుగు లేదు. గుండు తగిలిన జింక చివరికి ఎలా ఉంటుందో అది తప్ప అన్నీ ఉన్నాయి. పులి నోరు తెరిస్తే వేటగాడు వీరుడవుతాడు, జింక నోరు మూస్తే వాడు నిర్దోషి అవుతాడు. పెదవిని గాడిలోకి నెట్టే ఆ మొండి పనిముట్టు చేసే అసలు పని ఇదేనేమో అనిపిస్తుంది.

ఇక్కడే ఆగిపోవచ్చు. డానా హారవే 1984లో న్యూయార్క్ మ్యూజియంలోని ఆఫ్రికా హాలు మీద రాసిన ప్రసిద్ధ వ్యాసం దాదాపు ఇలాంటి చోటికే వస్తుంది. చచ్చిన జంతువుల్ని ఆదర్శ కుటుంబాలుగా నిలబెట్టడంలో మగవాళ్ళ, తెల్లవాళ్ళ పెత్తనం ఎలా దాక్కుందో ఆవిడ విప్పి చెప్పింది. కాదనలేం. అయినా కార్ల్ ఎక్లీ చేసిన జింకల ముందు ఆ వాదన నాకు పూర్తిగా సరిపోదు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఆయన నాలుగు ఋతువుల్లో తెల్లతోక జింకల్ని నాలుగు దృశ్యాలుగా నిలబెట్టాడు. కూరే పద్ధతి వదిలేసి, ఒక్కో జంతువుకీ కండరం కండరంగా మట్టి శిల్పం చేసి, దాన్నుంచి అచ్చు తీసి, బోలు బొమ్మ పోసి, దాని మీద తోలు అమర్చేవాడు. చెట్ల ఆకుల్ని మైనంతో వేల కొద్దీ చేశారు. ఆ పనిలో భార్య డీలియా చెయ్యి చాలా ఉంది, పేరు మాత్రం ఎక్కువగా ఆయనకే దక్కింది.

ఆ దృశ్యాల్లోనూ జింకల నోళ్ళు మూసే ఉన్నాయి. కానీ ఆ మూత వేటగాడి కోసం చేసింది కాదు. ఎండాకాలం, చలికాలం మారేకొద్దీ ఒంటి రంగూ వెంట్రుకల ఒత్తూ మారాయి, కొమ్ములు మొలిచాయి, రాలాయి. చేసినవాడు జింకని ఏడాది పొడుగునా చూశాడన్నమాట. అదే ఎక్లీ 1921లో గొరిల్లాల్ని చంపి తెచ్చాడు, ఆ తరవాత వాటికి రక్షణ కావాలని బెల్జియం రాజుని ఒప్పించాడు. 1925లో కాంగోలో ఆల్బర్ట్ జాతీయ వనం ఏర్పడింది. మరుసటి ఏడు అక్కడి కొండల్లోనే ఆయన చనిపోయాడు. ఈ రెండు పనుల్లో ఒకదాన్ని ఇంకోదానితో చెరిపెయ్యడం నాకు చేతకాదు. రెండూ ఒక మనిషివే.

మన సాహిత్యంలోనూ ఈ చిక్కు ఉంది. పోయినవాళ్ళ గురించి రాసే జ్ఞాపకాల్లో ఎంతమంది నోళ్ళు మనం అందంగా మూశాం! చివరి రోజుల్లో అమ్మ తిట్టిన తిట్లు, నాన్న అడిగిన డబ్బు, స్నేహితుడు పెట్టుకున్న అలక, అన్నీ గాడిలోకి నెట్టేసి, పైన ఒక ప్రశాంతమైన గీత గీస్తాం. చదివినవాళ్ళు "ఎంత బాగా నిలబెట్టారండీ" అంటారు. అలా మూసేముందు ఆ మనిషిని ఎన్ని కాలాలు చూశామన్నదే నా ప్రశ్న. ఒక్క గుండు దూరం నుంచి చూసి మూశామా, నాలుగు ఋతువులూ పక్కన ఉండి మూశామా?

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వేటకి అడ్డుకట్ట వేసింది. పాత తలలు ఇంట్లో ఉంచుకోవాలన్నా ధ్రువపత్రం కావాలి. పెదనాన్నగారు పోయాక, అలాంటి కాగితమేదీ కనపడక, మా అన్నయ్య ఆ దుప్పి తలని అటవీ శాఖకి అప్పగించడానికి కిందికి దించాడు. అంత దగ్గర్నుంచి చూడ్డం నాకు అదే మొదటిసారి. ఎడమ పక్క సందులోకి తొంగి చూస్తే గోధుమరంగు దారం పోగొకటి తెగి వేలాడుతోంది. ఎవరో పాతకాలం పద్ధతిలో లోపల్నుంచి కుట్టారు. పక్కనే మరో రెండు కుట్లు, అవి కొంచెం తెల్లటి దారంతో ఉన్నాయి. ఒకసారి ఊడితే మళ్ళీ వచ్చి కుట్టారన్నమాట. ఎవరో తెలీదు. మేం నవ్వినన్నాళ్ళూ ఆ రెండు కుట్లూ అక్కడే ఉన్నాయి.

జీపులో పెట్టేముందు అన్నయ్య దాని ముఖం మీద పాత తువ్వాలు కప్పాడు. కళ్ళు బయటికే ఉన్నాయి. నోరు మాత్రం కప్పాడు.