వినిపించని కూత

వనపర్తి నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నా కంప్యూటర్ల ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే కూత పెడ్తుంది. గేమ్ పెడితే సాలు, చెవుల్ల సూది దింపినట్టు ఉంది. జర వచ్చి చూడు." వాడు ఏడాది పాటు దాచుకున్న డబ్బుతో ఒక్కొక్క సామానూ కొని తనే బిగించుకున్న కంప్యూటర్ అది. కూత అంటున్నాడంటే వాడి ప్రాణం అక్కడే ఉందన్నమాట.

గద్వాలలో బస్సెక్కి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరులో మలుపు తిరిగి వనపర్తి చేరాను. సంచిలో మల్టీమీటరు, నాలుగు స్క్రూడ్రైవర్లు, పెయింటు బ్రష్షు, పరీక్ష కోసం నా రిపేరు కొట్లో ఎప్పుడూ పక్కన పెట్టుకునే మంచి ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, ఒకటి. నేను చదువుకున్నది కూడా వనపర్తిలోనే. రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో ఆసిలోస్కోపు ముందు మొదటిసారి కూర్చున్నాను. అంత ఎత్తు పైకప్పుల కింద ఏ చిన్న చప్పుడైనా ఇంతై వినిపించేది. ఆ ఊరికి చెవులతో పనిబడి వెళ్తున్నానని బస్సులో నవ్వుకున్నాను కూడా.

మేనల్లుడు గేమ్ పెట్టాడు. మెనూ వచ్చింది. "విను మామా."

విన్నాను. ఫ్యాన్ల గాలి చప్పుడు, కిటికీ బయట ఆటో, వంటింట్లో కుక్కరు. ఇంకేం లేదు. క్యాబినెట్ పక్క రేకు విప్పి, తల వంచి విన్నాను. ఏమీ లేదు.

"ఏం రాట్లే కదరా!"

వాడు నా మొహం చూసిన తీరు నేనెన్నడూ మరిచిపోను. ముప్పై ఏళ్లకు పైగా రిపేర్లు చేసినవాడిని. టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, తర్వాత కంప్యూటర్లు. వినగానే రోగం చెప్తాడని పేరు. అంతలో వాడి చెల్లెలు, పదేళ్ల పిల్ల, పక్క గది నుంచి చెవులు మూసుకుంటూ వచ్చింది. "అన్నా, మళ్లీ పెట్టినవా? బంద్ చెయ్!"

అప్పుడర్థమైంది. చప్పుడు లేకపోవడం కాదు, నాకు చెవి లేకపోవడం.

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వినిపిస్తుందని పుస్తకంలో ఉంటుంది. ఆ పై అంకె పిల్లలది. వయసు పైబడుతుంటే సన్నటి చప్పుళ్లు పై నుంచి ఒక్కొక్కటే రాలిపోతాయి, మనకు తెలియకుండానే. జుట్టు తెల్లబడితే అద్దం చెప్తుంది. దీన్ని చెప్పే అద్దం లేదు. పాత డబ్బా టీవీల రోజుల్లో వీధిలో నడుస్తూనే ఏ ఇంట్లో టీవీ నడుస్తోందో చెప్పేవాణ్ణి, సౌండు పూర్తిగా తగ్గించి ఉన్నా సరే. సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు, గుణిస్తే 15,625. ఆ లెక్కన లోపలి లైన్ ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా కూసేది. మా గురువుగారికి అది వినిపించేది కాదు. "నీ చెవులు నాకియ్యిరా" అని నన్ను టీవీ వెనక కూర్చోబెట్టేవాడు. నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయన స్టూలు మీద నేను కూర్చున్నాను.

సరే, చెవి పోతే పోయింది, ప్రశ్నలు అడగొచ్చుగదా. ఈ పనిలో చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందన్న దానికంటే ఎప్పుడు వస్తోందన్న ప్రశ్న ముందడగాలి. ఆ ప్రశ్న అడగనందుకు ఒకసారి తలదించుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఒకాయన కంప్యూటర్ గుర్రుమంటోందని కబురు పెట్టాడు. వెళ్లాను, విన్నాను, ఎస్‌ఎంపీఎస్ లోంచే. కొత్తది పెట్టించాను, డబ్బు తీసుకున్నాను. వారంలో మళ్లీ ఫోన్: అదే గుర్రు. నేను వెళ్లిన రోజు కరెంటు లేదు, ఇల్లంతా ఇన్వర్టరు మీద నడుస్తోంది. ఆ సంగతి నేనడగలేదు, ఆయన చెప్పలేదు. అది చవక రకం ఇన్వర్టరు. కరెంటును అలలా కాకుండా మెట్లు మెట్లుగా ఇస్తుంది. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో కరెంటును అల ఆకారంలోనే లాగే పీఎఫ్‌సీ సర్క్యూటు ఉంటుంది. దానికి మెట్ల కరెంటు పోస్తే లోపలి కాయిల్ గుర్రుమనక ఏం చేస్తుంది? పాతదీ మంచిదే, కొత్తదీ మంచిదే. డబ్బు వాపసిచ్చాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఇంతకీ ఈ చప్పుళ్లు ఎలా పుడతాయంటే, ఇంటి బయట స్తంభానికున్న ట్రాన్స్‌ఫార్మర్ మోత అందరికీ తెలుసు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఇటు ఊగినప్పుడూ అటు ఊగినప్పుడూ లోపలి ఇనుము వెంట్రుకవాసి సాగి ముడుచుకుంటుంది కాబట్టి మోత 100 దగ్గర వస్తుంది, గంభీరంగా. ఎస్‌ఎంపీఎస్ చేసేదీ అలాంటి పనే, తొందర తొందరగా. గోడలోంచి వచ్చే 230 వోల్టులను డీసీ చేసి, దాదాపు 400 దాకా ఎత్తి, సెకనుకు లక్ష సార్ల లెక్కన ముక్కలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా 12 వోల్టులకు దింపుతుంది. లక్ష అంటే ఏ పిల్లకూ వినిపించదు, కుక్కకు కూడా వినిపించదు. మరి కూత ఎక్కడిది? వాడకం ఎగుడుదిగుళ్లది. కరెంటు లాగుడు ఒక్క తీరుగా కాకుండా కుదుపులు కుదుపులుగా ఉంటే, కాయిల్ తీగలు ఆ కుదుపుల లెక్కకు వణుకుతాయి. ఆ లెక్క చెవికి అందే మేరలో పడితే అదే కూత.

అందుకే మేనల్లుణ్ణి అడిగాను: ఎప్పుడొస్తది? ఆడేటప్పుడు తక్కువ, మెనూలో ఎక్కువ అన్నాడు. సినిమా చూస్తే? రాదు. ఊరికే డెస్క్‌టాప్ మీద? రాదు. మెనూలో మూల అంకె చూడమన్నాను. సెకనుకు బొమ్మలు ఎనిమిది వందలు దాటి పరుగెడుతున్నాయి. చూపించడానికి బొమ్మే లేని చోట గ్రాఫిక్స్ కార్డు పనిలేని మంగలిలా గీస్తూనే ఉంది. ఒక్కో బొమ్మకు ఒక్కో కుదుపు, ఆ కుదుపులకు పైన గుణిజాలు. వాడి ఫోన్‌లో చప్పుళ్లను గీతలుగా చూపే యాప్ వేయించాను. 11 వేల దగ్గర ఒక ముల్లు నిటారుగా లేచి కనిపించింది. నేను వినలేనిది కళ్లతో చూశాను. కొంచెం సిగ్గుగా, కొంచెం ఊరటగా అనిపించింది.

సగం పనైంది. ఇక ఎక్కడ? పేపరు పొడుగ్గా గొట్టంలా చుట్టి పాప చెవికి పెట్టాను. ఇనుప గొట్టం పనికిరాదు, కరెంటుండే చోట కాగితమే మేలు. గొట్టం అంచును ఫ్యాన్ రెక్కల జోలికి పోనీయకుండా నేనే పట్టుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ దగ్గర "తక్కువ మామా" అంది. గ్రాఫిక్స్ కార్డు మధ్యకు రాగానే తల వెనక్కి లాక్కుంది. నమ్మకం లేక కాదు గానీ, నాగర్‌కర్నూల్ దెబ్బ గుర్తుండి, నా సంచిలోని ఎస్‌ఎంపీఎస్ కూడా తగిలించి చూశాను. కూత అలాగే ఉంది. నేరం ఎస్‌ఎంపీఎస్‌ది కాదు. ఆపుకోలేక 12 వోల్టుల తీగ కూడా కొలిచాను: 12.08. 11.4కూ 12.6కూ మధ్య ఉంటే దాని మీద ఫిర్యాదు లేదు.

"మరి ఫ్యాను? ఆగి ఆగి ఒక్కసారి గుయ్యిమంటది" అన్నాడు. అది రోగమే కాదు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నిటికి తగినంత వేడెక్కేదాకా ఫ్యాన్ తిరగదు. కొత్తకోట దగ్గరి సరళాసాగర్ చూశావు కదరా అన్నాను. అక్కడ గేట్లెత్తే మనిషి లేడు, నీళ్లు కట్ట నిండా చేరాక సైఫన్లు వాటంతటవే పారుతాయి. ఇదీ అంతే. మన పాలమూరు ఎండాకాలంలో ఆ మట్టం తొందరగా అందుతుంది, అంతే తేడా.

ఫ్యాన్ నిజంగా చెడ్డ చప్పుడు చేస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే మా గద్వాల మగ్గాల ఇళ్లకు రావాలి. మగ్గమున్న గదిలోనే మూల కంప్యూటర్ పెట్టుకున్న పిల్లలున్నారు. గద్వాల చీరకు అంచు పట్టు, ఒళ్లు నూలు. నూలు ఉన్నచోట దూది నలుసు గాల్లో ఉంటుంది, ఫ్యాన్ దాన్ని నోరారా మింగుతుంది. రెక్కకు ఒక పక్క ఎక్కువ పేరుకుని బరువు తప్పితే టకటకమని కొడుతుంది. బేరింగులో నూనె ఎండితే పొద్దున ఆన్ చేయగానే గీరినట్టు మొదలై, వేడెక్కాక సద్దుమణుగుతుంది. అలాంటి ఒక ఇంట్లో తండ్రి మగ్గం దిగకుండానే చెప్పాడు: "అది మేషన్ సప్పుడు గాదు సార్, లోపల ఏదో తగుల్తుంది." నాడె ఆడే చప్పుడులో తేడా పట్టే చెవి అది. బ్రష్షుతో దులిపితే నిమిషంలో నిశ్శబ్దం. ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు.

దులపమన్నానని ఎవరూ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్ ఆ 400 వోల్టులను కాసేపు దాచుకుంటుంది. కుర్రతనంలో మోచేతి దాకా కొట్టించుకున్నాను. ఆ రోజు పొద్దు గుంకేదాకా వేళ్లు నావి కావు. బయటి జాలీ మీంచి, రెక్క తిరగకుండా పుల్ల అడ్డం పెట్టి, గాలి ఊదితే చాలు. లోపలి పని చేతనైనవాడికి ఇవ్వండి.

మేనల్లుడి మానిటరు సెకనుకు 144 బొమ్మలు చూపుతుంది. కార్డును కూడా అక్కడే ఆపేలా సెట్టింగు మార్పించాను. ఫోన్‌లో ముల్లు వంగింది. పాపను పిలిచాను. కళ్లు మూసుకుని, వేలు పైకెత్తి, చాలాసేపు విన్నది. "ఉంది గానీ, ఫ్యాన్ల చాటుకు పోయింది" అంది. వాడు సంతోషంగా గేమ్‌లో మునిగాడు. కొత్త ఎస్‌ఎంపీఎస్ ఖర్చు తప్పినందుకు మా అక్క నాకు రెండు జొన్న రొట్టెలు ఎక్కువ పెట్టింది.

రాత్రికి గద్వాల చేరి ఇంటికి పోకుండా కొట్టు తెరిచాను. అటక మీద, అమ్మలేకా పారేయలేకా ఉంచుకున్న డబ్బా టీవీ ఒకటుంది. దించి, దుమ్ము తుడిచి ప్లగ్గు పెట్టాను. తెర మీద ఇసక రాలుతోంది. సౌండు పూర్తిగా తగ్గించి, చెవి ఆనించి కూర్చున్నాను. పక్క కొట్టు మూసుకుని వెళ్తున్న కుర్రాడు గుమ్మంలో ఆగాడు.

"ఏంది సార్ గా కూత? బంద్ చెయ్యిండ్రి."